కొండకి ఒక్కటే ఋతువా?

నవంబరు వచ్చిందంటే చాలు, నా ఫోన్లో ఒకే ఫొటో రోజుకి పదిసార్లు కనిపిస్తుంది. తీసినవాళ్ళు వేరు, తేదీలు వేరు, ఫొటో మాత్రం ఒకటే. కింద పాలపొంగులాంటి మేఘాలు. వాటిలోంచి తలలెత్తి చూస్తున్న రెండు మూడు కొండలు. వెనక నారింజరంగు సూర్యుడు. ముందు, మనకి వీపు చూపిస్తూ, చేతులు బార్లా చాపి నిలబడ్డ ఒక మనిషి. పాడేరు దగ్గరి వంజంగి కొండ అది. లంబసింగి, అరకు ఫొటోలు కూడా చాలావరకు దీని చుట్టాలే.

ఆ ఫొటో నేనూ తీశాను కాబట్టి ఈ వ్యాసంలో తిట్లన్నీ ముందు నాకే తగులుతాయి. నాలుగేళ్ళ కిందట డిసెంబర్లో ఆఫీసు ఫ్రెండ్స్ ఆరుగురం హైదరాబాద్ నించి రాత్రి రైల్లో వైజాగ్ వెళ్ళి, అక్కణ్నించి కారు మాట్లాడుకున్నాం. తెల్లవారుజామున మూడున్నరకి కొండ కింద కార్ల వరస చూస్తే మాదాపూర్ సిగ్నల్ గుర్తొచ్చింది. సెల్‌ఫోన్ల వెలుగులో వందలమంది ఎక్కుతున్నారు. పైన ట్రైపాడ్‌కీ ట్రైపాడ్‌కీ మధ్య మోచెయ్యి పట్టే చోటు లేదు. సూర్యుడొచ్చాడు. అందరం ఒకేసారి ‘వావ్’ అన్నాం. ఎనిమిదిన్నరకల్లా దిగేశాం. దిగుతుంటే దారి పక్కన కాఫీ తోటలో ఆడవాళ్ళు నడుముకి సంచులు కట్టుకుని పళ్ళు కోస్తున్నారు. మాలో ఒకడు, “వీళ్ళు రోజూ ఈ వ్యూ చూస్తారు, అదృష్టవంతులు” అన్నాడు. నేను తలూపాను.

ఆ ఫొటోకి వచ్చినన్ని లైకులు నా జీవితంలో మరే ఫొటోకీ రాలేదు. ఇప్పుడు దాన్ని చూస్తే సిగ్గేస్తుంది. ఫొటో బాగాలేక కాదు. బాగానే ఉంది, అదే ఇబ్బంది. తెలుగువాళ్ళం మన కొండల్ని ఫొటో తీస్తున్నామని అనుకుంటున్నాం. నిజానికి తీస్తున్నది ఏడాదిలో ఒక చిన్న ముక్కని. మిగతా ఏడాదిని, దానితోపాటు అక్కడి మనుషుల్నీ జంతువుల్నీ ఫ్రేము బయటికి నెట్టేస్తున్నాం. ఇది ఒట్టి అభిరుచికి సంబంధించిన విషయమైతే ఇంత రాసేవాణ్ని కాదు. దేన్ని ఫొటో తీస్తామో దాన్నే చూడదగ్గదనుకుంటాం. చూడదగ్గది కాదనుకున్నదాన్ని పోగొట్టుకోడానికి పెద్దగా బాధపడం.

*

ముందు ఆ మేఘాల సంగతి. వానలు వెళ్ళాక నేలలో తడి మిగిలి ఉంటుంది. ఆకాశంలో మబ్బు ఉండదు, రాత్రి పొడుగు. నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. చల్లగాలి బరువు కాబట్టి నీళ్ళలాగే వాలు వెంబడి జారి లోయలో చేరుతుంది. దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. మామూలుగా పైకి వెళ్ళేకొద్దీ చలి పెరగాలి. ఆ తెల్లవారుజాముల్లో ఆ లెక్క తిరగబడుతుంది. మూత కింద చిక్కుకున్న తడి గాలి పొగమంచవుతుంది. వంజంగి లాంటి కొండ కొమ్ము మీద నిలబడినవాడు ఆ మూతకి పైన ఉంటాడు. ఎండెక్కి నేల వేడెక్కగానే మూత చెదిరిపోతుంది.

ఇంజనీర్ని కదా, లెక్కేశాను. ఏడాదికి 8,760 గంటలు. మంచు కాలం నాలుగు నెలలనుకుందాం. ప్రతి రోజూ తప్పకుండా మూడేసి గంటలు ఈ దృశ్యం దొరికిందనుకుందాం. అలా ఉదారంగా వేసుకున్నా 360 గంటలు. వందలో నాలుగు వంతులు. మిగతా తొంభయ్యారు వంతుల్లో ఆ కొండ ఎలా ఉంటుందో మన ఫొటోగ్రఫీకి తెలీదు. తెలుసుకోవాలన్న కుతూహలం కూడా లేదు.

ఇంకో సంగతి. ఆ తెల్లటి మేఘాల కింద ఏముంటుంది? నేను కొండెక్కిన రోజు నాకీ ప్రశ్న రాలేదు. కింద ఊళ్ళుంటాయి. మన ఫొటో అంత శుభ్రంగా రావడానికి కారణం ఆ ఊళ్ళు కప్పబడి ఉండటమే. రేకుల ఇళ్ళు, కరెంటు స్తంభాలు, సగం వేసి వదిలేసిన రోడ్డు, మడిచెక్కలు, బడి. మంచు కరిగితే ఇవన్నీ బయటపడతాయి. అప్పటికి మనం టిఫినుకి వెళ్ళిపోతాం.

పేర్లు కూడా చూడండి. లంబసింగికి మనం పెట్టుకున్న పేరు ‘ఆంధ్రా కాశ్మీర్’. అక్కడివాళ్ళు పిలిచే పేరు ‘కొర్రబయలు’. రాత్రి బయట ఉంటే మనిషి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకి అర్థం చెబుతారు. ఒకే చలికి రెండు పేర్లు. ఒకటి స్వెటర్ వేసుకుని చూడ్డానికి వచ్చినవాళ్ళు పెట్టింది, రెండోది చుట్టూ గోడలు సరిగా లేనివాళ్ళు పెట్టింది.

*

ఇంజనీరింగ్‌లో నా రూమ్మేటుది ఆ మేఘాల కింద ఉండిపోయే ఊళ్ళలో ఒకటి. నా డిసెంబరు ఫొటో చూసి వాడు పెట్టిన కామెంటు: “మా ఇల్లు కనపట్లేదేంట్రా?” జోకనుకుని నవ్వే బొమ్మ పెట్టాను. ఏడాదిన్నర తర్వాత మే నెలలో వాళ్ళ చెల్లెలి పెళ్ళికి పిలిస్తే మళ్ళీ ఆ దారిన వెళ్ళాను. కెమెరా పట్టుకెళ్ళాను గానీ రెండు రోజులు సంచిలోంచి తియ్యలేదు. తీయడానికేమీ లేదనిపించింది. ఎండకి కొండల అంచులు కనపడకుండా గాలంతా మసక. దూరంగా వాలు మీద పోడు తగలబెట్టిన నల్లటి చెక్కలు. ఇంకా రాజుకుంటున్న ఒకటి రెండు పొగలు. ఆకులు రాలిన అడవి.

వాళ్ళమ్మ అడిగింది: “ఏటి బాబూ, మంచు లేదని దిగులా? మంచొస్తే మాకు పని బాబూ. కాఫీ కొయ్యాల, ఒరి కొయ్యాల. పిల్లలకి దగ్గులు. మీరు మంచి టయానికే వొచ్చినారు, మాక్కాస్త తీరికుంది.”

ఆ మాటతో నాకు ఆ ఏడాది మొత్తం తలకిందులైంది. మన సెలవుల కాలం వాళ్ళకి నడుం వంచే కాలం. కాఫీ కోత, వరి కోత మన మంచు నెలల్లోనే వస్తాయి. ఆ తర్వాత పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టే పని. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారకముందే రాలిన ఇప్పపూలు ఏరుకోడానికి వెళ్తారు. ఎలుగుబంట్లకీ ఇప్పపువ్వంటే ప్రాణం కాబట్టి అవీ అదే వేళకి వస్తాయి. వేసవిలో ఒక వాన పడితే, కొన్నాళ్ళకి కాఫీ తోటలన్నీ ఒక్కసారిగా తెల్లగా పూస్తాయి. మల్లెలాంటి వాసన. నాలుగు రోజుల్లో వాడిపోతాయి. మంచు కంటే తెల్లటి ఆ నాలుగు రోజులకి ఒక్క కారు కూడా రాదు. తొలకరికి విత్తనాలు. వానల్లో గెడ్డలు పొంగుతాయి, జ్వరాలొస్తాయి, మామిడి టెంకల అంబలి కాచుకునే రోజులు కూడా వస్తాయి. మళ్ళీ అక్టోబరుకి కొండ పసుపుపచ్చటి వలిసె పూలతో తయారవుతుంది. అప్పటికి మన కార్లూ తయారవుతాయి.

ఆ తర్వాత పట్టుబట్టి జూలైలో వెళ్ళాను. మూడు రోజులు వాన తెరిపివ్వలేదు. ఊరికి రెండు కిలోమీటర్ల అవతల గెడ్డ మీద రోడ్డు తెగిపోయి ఉంది. కారు అక్కడే ఆపేసి, బట్టలు తడుపుకుంటూ నడిచి వెళ్ళాం. వెలుతురు బూడిదరంగులో ఉంది, కొండలకీ ఆకాశానికీ తేడా లేదు. లెన్సు మీద తుంపర తుడుచుకోవడమే సరిపోయింది. అయినా తీశాను. తెగిన రోడ్డు, రెండు వైపులా ఆగిపోయిన మనుషులు, సైకిల్ని భుజానికెత్తుకుని దాటుతున్న ఒక పెద్దాయన, వెనక వానలో సగం కనపడే కొండ. హైదరాబాద్ వచ్చాక దాన్ని ఒక ఫొటో పోటీకి, లాండ్‌స్కేప్ విభాగంలో పంపాను. వెలుతురు ఫ్లాట్‌గా ఉందనీ, మనుషులుండటం వల్ల దృష్టి చెదురుతోందనీ తిప్పి పంపారు. అదే ఏడు మొదటి బహుమతి దేనికొచ్చిందో మీరు ఊహించగలరు. కింద పాలపొంగు, పైన నారింజ.

నాకు బహుమతి రాలేదన్న ఉక్రోషం ఉందా అంటే, ఉంది. దాన్ని దాచను. కానీ ‘మనుషులుండటం వల్ల దృష్టి చెదురుతోంది’ అన్న వాక్యం ఉక్రోషం తగ్గాక కూడా నన్ను వదల్లేదు. ప్రతి వానాకాలం జిల్లా పేజీలో ఒక ఫొటో వస్తుంది: నెలలు నిండిన మనిషిని డోలీ కట్టి మోసుకెళ్తున్న నలుగురు. ప్రతి చలికాలం ఆదివారం అనుబంధంలో ఇంకో ఫొటో వస్తుంది: మేఘాల మీద స్వర్గం. ఒకే పేపరు, ఒకే కొండ, ఒక్కోసారి ఒకే రోడ్డు. ఆ రెండు పేజీలనీ పక్కపక్కన పెట్టి చూడాలని మనకెప్పుడూ తోచదు. ఒకదాన్ని ‘ప్రకృతి’ అంటాం, రెండోదాన్ని ‘సమస్య’ అంటాం.

*

జంతువుల విషయానికొస్తే మన చూపు ఇంకా ఇరుకు. అక్కడ ఋతువు సంగతి అస్సలు పట్టించుకోం, లేదా సరిగ్గా పట్టించుకోకూడని విధంగా పట్టించుకుంటాం.

పిట్టల ఫొటోలు తీసేవాళ్ళకి పొన్నంగి పిట్ట ఒక మోజు. తొమ్మిది రంగులున్నాయని హిందీలో నవరంగ్ అంటారు. శాస్త్రజ్ఞులు ఆ జాతికి పెట్టిన పేరు ‘పిట్ట’. 1816లో ఒక ఫ్రెంచి పక్షిశాస్త్రజ్ఞుడు పెట్టిన ఆ పేరు మన తెలుగు మాటే. ప్రపంచమంతా మన మాటతో పిలుచుకునే పిట్ట అది. మామూలు రోజుల్లో రాలిన ఆకుల్లో తలదించుకుని పురుగులు ఏరుకుంటుంది, కనపడదు. వానలకి ముందు, గూడు కట్టే కాలం దగ్గరపడుతుంటే గొంతెత్తుతుంది. ఆ రోజుల్లోనే మన ఫొటోగ్రాఫర్లు ఫోన్లో రికార్డు చేసిన కూత పట్టుకుని అడవికి వెళ్తారు. స్పీకర్లో కూత వినగానే ఆ పిట్ట తన చోటులోకి శత్రువొచ్చాడనుకుని బయటికొస్తుంది. గూడు వదిలి, తిండి వదిలి, లేని శత్రువుతో కొట్లాడ్డానికి కొమ్మ మీద ఛాతీ విరుచుకుని నిలబడుతుంది. ఫొటో అద్భుతంగా వస్తుంది. కింద ‘మార్నింగ్ సాంగ్’ అని రాస్తాం. అది పాట కాదు, గాభరా. గూళ్ళ దగ్గర తీసిన ఫొటోలు పోటీలకి తీసుకోమని చాలాచోట్ల నియమం ఉంది. స్పీకరు పెట్టి పిలిచిన సంగతి మాత్రం ఫొటోలో కనపడదు కదా.

దీనికి పూర్తి వ్యతిరేకమైన కథ కలివికోడిది. 1848లో శాస్త్రానికి తెలిసిన పక్షి. 1900లో అనంతపురం వైపు ఒకసారి కనిపించి మాయమైంది. లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల దగ్గర ఒక స్థానికుడు రాత్రిపూట దాన్ని పట్టుకున్నాడు. ఎనభయ్యారేళ్ళ తర్వాత! పట్టుకున్న పక్షి కొద్దిరోజులకే చచ్చిపోయింది గానీ, జాతి బతికుందని తెలిసింది. ఆ తర్వాత పరిశోధకులు దాన్నెలా వెతికారో తెలుసా? పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే వచ్చి అడుగుజాడలు చూసుకున్నారు. తనంతట తానే ఫొటో తీసే కెమెరాలు పెట్టారు. ఆ ఫొటోల్లో సూర్యోదయం ఉండదు. చీకటి, మట్టి, ముళ్ళపొద, వాటి మధ్య ఒక బెదురు పక్షి.

ఇక్కడే నేను చెప్పదలుచుకున్నది తేలుతుంది. కలివికోడి ఉండేది కొండల పాదాల దగ్గరి పలచటి ముళ్ళపొదల నేలలో. ఏ ఋతువులోనూ క్యాలెండరుకి ఎక్కని నేల అది. బంజరనే అనుకుంటాం. తెలుగుగంగ కాలవ పనులు సరిగ్గా ఆ నేల మీదికే వచ్చాయి. అక్కడ కలివికోడి ఉందని చెప్పి గొడవ చేసినవాళ్ళుండబట్టి దారి మార్చారు. ఆ పక్షి ఆనవాలే దొరక్కపోయుంటే? ‘అక్కడేముంది, తుప్పలే కదా’ అనేవాళ్ళం. అందంగా లేనిదాన్ని కాపాడటానికి ఎవరూ రోడ్డెక్కరు. కాబట్టి ఏది అందమో తేల్చేవాళ్ళకి, అంటే కెమెరా పట్టుకున్నవాళ్ళకి, బాధ్యత ఉంటుంది.

అలాగని యంత్రాన్ని దేవుణ్ని చెయ్యను. 2018 పులుల గణనలో దేశమంతా 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. నల్లమల కూడా అందులో భాగమే. మూడు కోట్ల 48 లక్షలకి పైగా ఫొటోలొచ్చాయి, పులులున్నవి 76,651. ఎండా వానా చూసుకోకుండా, లైకుల ఆశ లేకుండా తీసిన ఆ ఫొటోల్లో పులి చారల్ని వేలిముద్రల్లా పోల్చి లెక్కేశారు. గొప్ప పనే. కానీ అలాంటి కెమెరాలే కార్బెట్ అడవిలో కట్టెలకొచ్చిన ఆడవాళ్ళని కూడా ఫొటోలు తీశాయనీ, వాటిని అడ్డుపెట్టుకుని వాళ్ళని వేధించారనీ 2024లో ఒక కేంబ్రిడ్జ్ పరిశోధకుడు రాశాడు. మనిషిని కత్తిరించే కెమెరా ఒక తప్పు చేస్తే, మనిషిని దొంగలా పట్టే కెమెరా ఇంకో తప్పు చేస్తుంది.

*

నా మీదికి రాబోయే అభ్యంతరాలు నాకు తెలుసు. ఫ్రెండ్స్ దగ్గర ఇప్పటికే తిన్నాను.

‘అందాన్ని అందంగా చూడనివ్వవా? ప్రతిదానికీ పాఠం చెప్పాలా?’ చూడండి, మంచు బావుంటుంది. నాకూ బావుంటుంది. పెళ్ళికొడుకు పెళ్ళిరోజు ఫొటో ఆల్బంలో ఉండాల్సిందే. కానీ మనిషి జీవితమంతా ఆ ఒక్క ఫొటోయే అంటే ఎవరైనా నవ్వుతారు. కొండ విషయంలో ఎవరూ నవ్వడం లేదు. అదీ నా గొడవ.

‘ఫొటోల వల్లే టూరిజం వచ్చింది, నాలుగు డబ్బులు వస్తున్నాయి.’ వస్తున్నాయి. టీ బండి పెట్టుకున్నవాళ్ళకీ, టెంటు అద్దెకిచ్చేవాళ్ళకీ, వలిసె పొలంలో దిగి ఫొటో తీసుకుంటే ఇంత అని అడిగే రైతుకీ వస్తున్నాయి. ఆ రైతుని ‘కమర్షియల్ అయిపోయాడు’ అని వెక్కిరించే రీళ్ళు చూసినప్పుడు ఒళ్ళు మండుతుంది. అతని పంట తొక్కి మనం తీసుకున్న ఫొటోకి అతను కూలి అడగకూడదా? అయితే నాలుగు నెలల ఫొటో నాలుగు నెలల టూరిజాన్నే తెస్తుంది. ఒకే కొండ మీదికి, ఒకే తెల్లవారుజామున, వేలమందిని తెస్తుంది. వాళ్ళు వెళ్ళాక మిగిలే ప్లాస్టిక్ మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. ‘స్వర్గం’ అన్న మాట వినగానే స్థలం కొనుక్కోవాలనిపించే మనస్తత్వం మనది. గిరిజనేతరులు అక్కడ భూమి కొనకుండా 1970 నాటి చట్టం అడ్డుగా ఉంది కాబట్టి సరిపోయింది. 1997 సమతా తీర్పుకి దారితీసిన గొడవ ఇదే అనంతగిరి, బొర్రా కొండల్లో మొదలైందని మంచు ఫొటోలు తీసే నాబోటి వాళ్ళలో ఎంతమందికి తెలుసు?

‘ఆన్సెల్ ఆడమ్స్ ఫొటోలు కొండల్ని కాపాడలేదా?’ ఇది గట్టి ప్రశ్న. కాపాడాయి. 1938లో వచ్చిన ఆయన సియెర్రా నెవాడా పుస్తకం 1940లో కింగ్స్ కాన్యన్ నేషనల్ పార్కు ఏర్పడటానికి సాయపడింది. కాకపోతే ఆయన ఆ కొండల్లో ఏళ్ళ తరబడి, అన్ని ఋతువుల్లో తిరిగినవాడు, వీకెండుకి వెళ్ళినవాడు కాదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆయన తీసిన యోసెమిటీ దృశ్యాల్లో ఎక్కువగా మనిషి కనపడడు. ఆ లోయ అనాదిగా అక్కడి ఆదివాసులది. వాళ్ళ చివరి ఇళ్ళని 1969లో తీసేశారు. మనిషి లేని అడవే అందమైన అడవి అని జనం కళ్ళకి అలవాటయ్యాక మనుషుల్ని తియ్యడం తేలికవుతుంది.

నాకు అన్నిటికంటే కష్టమైన అభ్యంతరం నా రూమ్మేటుది: “అయితే ఇప్పుడు మా బురదా, మా డోలీలూ తీసి ఎగ్జిబిషన్ పెడతావా?” దీనికి నా దగ్గర చక్కటి సమాధానం లేదు. ఊరివాళ్ళ కష్టాన్ని నలుపు తెలుపుల్లో తీసి గ్యాలరీలో వేలాడదీసే ఫొటోగ్రాఫరు, మంచు ఫొటో తీసేవాడికి అన్నగారే. ఇద్దరూ ఒక్క ఋతువుకే వెళ్ళి, ఒక్కటే తెచ్చుకుంటారు. నేననేది కష్టాన్ని తియ్యమని కాదు, ఏడాదిని తియ్యమని. ఏడాదిలో కష్టం ఉంటుంది, తీరిక ఉంటుంది, కాఫీ పూత ఉంటుంది. విత్తనాలకి ముందు వచ్చే ఇటుకల పండగ ఉంటుంది, ఆ పండగలో వేట కూడా ఉంటుంది. జంతు ప్రేమికుడికి అది మింగుడుపడదు. పడకపోయినా సరే, అది కూడా ఆ కొండ ఫొటోలో భాగమే.

*

ఇది సాహిత్యం పత్రిక కాబట్టి మన ఇంటి ఉదాహరణ ఒకటి. ఆముక్తమాల్యదలో వానాకాలాన్ని రాయలు ఎలా చూశాడో గుర్తుందా? మబ్బులూ మెరుపులతో ఆగిపోలేదు. నిప్పు కోసం ఇల్లిల్లూ తిరగడం, దొరికినా తడి కట్టెలు రాజుకోకపోవడం, వంటింటి పొగ, అన్నీ ఉంటాయి. రైతులు వండుకునే ఆకుకూరల పేర్లతో సహా ఉంటాయి. ఏనుగుల మీద తిరిగే చక్రవర్తికి వానంటే తడి కట్టె అని తెలుసు. నలభై అయిదు మెగాపిక్సెళ్ళ కెమెరా మెళ్ళో వేసుకున్న నాకు మంచంటే దగ్గు అని తెలియడానికి ఒకమ్మ చెప్పాల్సి వచ్చింది.

హొకుసాయ్ ఫ్యూజీ పర్వతాన్ని ‘ముప్ఫై ఆరు దృశ్యాలు’ పేరుతో నలభై ఆరు ముద్రణా చిత్రాలుగా వేశాడు. చాలావాటిలో ఆ మహాపర్వతం మూలన చిన్నగా ఉంటుంది. ముందు పీపాలు చేసేవాడు పని చేసుకుంటుంటాడు, గాలికి ఎగిరిపోతున్న కాగితాల్ని, టోపీల్ని బాటసారులు పట్టుకోబోతుంటారు. కొండ చిన్నబోలేదు. ఎవరి బతుకుల వెనక నిలబడిందో తెలిసి ఇంకా పెద్దదైంది.

బిభూతిభూషణ్ ‘ఆరణ్యక్’ని తెలుగులో ‘వనవాసి’గా చదివినవాళ్ళకి ఇంకోటి గుర్తుండాలి. అందులో అడవిని అంతగా ప్రేమించి వర్ణించేవాడు, ఆ అడవిని నరికించి కౌలుకిచ్చే ఉద్యోగం మీద వచ్చినవాడే. ఆ సంగతి అతనికి తెలుసు. అందుకే ఆ పుస్తకం వట్టి ప్రకృతి వర్ణనగా మిగిలిపోలేదు. మన ఫొటోల్లో, నిజం చెప్పాలంటే మన మన్యం కవితల్లో కూడా, లేనిది ఆ ఎరుకే. అందాన్ని చూడ్డానికొచ్చిన నేను ఇక్కడ ఏం చేసి వెళ్తున్నాను అన్న ప్రశ్న.

*

అయితే ఏం చెయ్యమంటావు అంటారా? పెద్ద పనేం కాదు. కొత్త చోట్ల జాబితా పక్కన పడేసి ఒక్క చోటు ఎంచుకోండి. అదే చోట నిలబడి ఏడాదికి కనీసం నాలుగుసార్లు తియ్యండి, కుదిరితే పన్నెండుసార్లు. తేదీ రాయండి, ఊరి పేరు రాయండి. గూళ్ళ చోట్లు మాత్రం ఎవరికీ చెప్పకండి. ఫ్రేములో ఉన్న మనిషిని అడిగి తియ్యండి, పేరు రాయమంటే రాయండి, వద్దంటే మానెయ్యండి. పిట్ట కనపడకపోతే కనపడలేదని ఇంటికి రండి. ముప్ఫై ఏళ్ళ తర్వాత, వానలు ఎప్పుడొచ్చేవి, ఏ చెట్టు ఎప్పుడు పూసేది, ఏ వాలు మీద అడవుండేది అని ఎవరైనా అడిగితే, చేతులు చాపిన వీపుల ఫొటోలు ఏ జవాబూ చెప్పలేవు. తేదీ ఉన్న చప్పటి ఫొటో చెబుతుంది.

నేనిప్పటికి ఎనిమిది నెలలవి పూర్తిచేశాను. ఇంకా నాలుగు బాకీ. కిందటి సంక్రాంతికి వాటిని ప్రింట్లు వేయించి పట్టుకెళ్ళి, రూమ్మేటు వాళ్ళమ్మ ముందు పరిచాను. మంచుదీ ఉంది అందులో, నా లైకుల ఫొటో. ఆమె దాన్ని చూసి “బాగుంది బాబూ” అని పక్కన పెట్టేసింది. కాఫీ పూతది చూసి తోట ఎవరిదో చెప్పింది. జూలైది, పోటీ నించి తిరిగొచ్చింది, చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

“ఇది మాకిచ్చెయ్ బాబూ. ఎన్నిమార్లు అర్జీ ఎట్టినా, రోడ్డు బాగానే ఉంది కదా అంటన్నారు. ఎనక తేదీ రాసియ్యి.”

రాసిచ్చాను. దాన్ని అర్జీకి పిన్ను చేసి ఇచ్చారట. రోడ్డు ఇంకా పడలేదు. నా ఫొటోల్లో ఒకరికి అవసరపడినది ఇప్పటివరకూ అదొక్కటే. వెలుతురు ఫ్లాట్‌గా ఉంది, మనుషులున్నారు, రోడ్డు ఎక్కడ తెగిందో స్పష్టంగా కనిపిస్తోంది.